రెప్పలార్పే ఇల్లు

ఆ ఇంటి సంగతి ఎవరినడిగినా ముందు ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుని, ఆ తర్వాతే చెప్పేవాళ్ళు.

గడియారాలు బాగుచేసే కొట్టు పక్కనుంచి లోపలికి పోయే సందు. సందు చివర ఒక పాత ఇల్లు. దాని వెనక ఎత్తయిన గోడ తప్ప ఇంకేమీ లేదు. ఆ ఇంటికి రెప్పలార్పే ఇల్లని పేరు. ఎందుకంటే రాత్రిపూట దాని కిటికీలు… నిజంగానే రెప్పలార్పేవి.

చిమ్మచీకటిగా ఉన్న కిటికీ ఉన్నట్టుండి వెలిగేది. టక్కున ఆరేది. మళ్ళీ వెలిగేది. ఒకసారి ఒక కుక్క ఆ ఇంటి ముందు నిలబడి మొరిగిందట. మొరిగిన ప్రతిసారీ కిటికీ దానివైపే చూసి కన్ను కొట్టిందట. ఆ కుక్క మళ్ళీ ఆ సందులో కాలు పెట్టలేదు.

టాక్సీవాళ్ళు మలుపు దగ్గరే దింపేసేవాళ్ళు. పేపర్లు వేసేవాడు గేటు దాకా వెళ్ళకుండా దూరం నుంచే విసిరి పారిపోయేవాడు. ఎదురింట్లో అద్దెకుండే ఆవిడైతే కిటికీ పరదాలు రెండూ దగ్గరికి లాగి, సూదీ దారం పెట్టి కుట్టేసింది.

ఇవన్నీ ఒక ఎత్తు. ఆ గొంతు ఒక ఎత్తు.

ఆడగొంతు. గోడల్లోంచి వచ్చినట్టు సన్నగా… "ఆపండి… ఆపండి…" అని మూలిగేదట.

ఎవర్ని ఆపమంటుందో, ఏం ఆపమంటుందో… అడిగే ధైర్యం ఎవరికుంది?

ఇదంతా నేను విన్నదే. లోపలికి వెళ్ళి చూసింది మా బావ. ఆయన చెప్పినప్పుడు సగం మింగేశాడు. మింగేసిన సగం మా అక్క చెప్పింది. రెండూ కలిపి చెబుతున్నాను.

మా బావ పళ్ళ డాక్టరు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కుర్చీలో వెనక్కి వాలి వణికిపోయేవాళ్ళకి "భయమెందుకండీ, నోరు తెరవండి" అని చెప్పడమే ఆయన పని. మా అక్క లిఫ్టులు తనిఖీ చేసే ఇంజినీరు. నడుముకి బెల్టు బిగించుకుని, నోట్లో టార్చి పెట్టుకుని, పదిహేనంతస్తుల లోతున్న లిఫ్టు గోతిలోకి ఈల వేసుకుంటూ దిగిపోతుంది.

వాళ్ళకి పెళ్ళయి నలభై రోజులయింది. ఒక సాయంత్రం అక్క తలగడ చంకలో పెట్టుకుని నా గదికి వచ్చేసింది.

"ఆయనకి నేను నచ్చలేదే" అంది, చెప్పులు కూడా విప్పకుండా.

"ఎవరన్నారు?"

"ఎవరూ అనక్కర్లేదు. నేను నిద్రపోయాననుకోగానే చప్పుడు చెయ్యకుండా లేస్తారు. వెళ్ళి హాల్లో పడుకుంటారు. తెల్లారే లోపల మళ్ళీ వచ్చి, ఏమీ ఎరగనట్టు పక్కన చేరతారు. నలభై రాత్రులే! ఒక్క రాత్రయినా తప్పితే ఒట్టు."

మా అక్క ఏడ్చే రకం కాదు. కానీ ఆ రోజు ముక్కు ఎర్రగా ఉంది. తలగడ మీద వేళ్ళతో ఏదో గీస్తూ, తల ఎత్తకుండా మాట్లాడింది.

మర్నాడు పన్ను నొప్పని వంక పెట్టి బావ క్లినిక్కుకి వెళ్ళాను. కుర్చీలో పడుకోబెట్టి, అద్దం నోట్లో పెట్టాడు. అదే అదనని అడిగేశాను.

"ఆఆ… ఆ అఅంఏ ఎంఉఉ అఅఉ?"

పళ్ళ డాక్టర్లకి ఆ భాష వచ్చు. బావ చెయ్యి ఆగిపోయింది. "మీ అక్కంటే నాకెందుకు పడదు? ఎవరన్నారు ఆ మాట?" అన్నాడు.

అద్దం తీసేదాకా ఆగి మొత్తం చెప్పాను. పాపం, మనిషి ముఖం పాలిపోయింది. వెళ్ళి తలుపు వేసొచ్చాడు. స్టూలు దగ్గరికి లాక్కుని, నా చెవిలో ఒక్కటే మాట అన్నాడు.

"చీకటి."

"ఏంటీ?"

"నాకు చీకటంటే భయం. చిన్నప్పట్నుంచీ. పెద్దయితే పోతుందన్నారు… పోలేదు. మీ అక్కకేమో ఆవగింజంత వెలుతురున్నా నిద్ర పట్టదు. టీవీకుండే ఎర్ర చుక్క మీద కూడా నల్ల టేపు అంటించేసింది. హాల్లో అయితే వీధి లైటు పడుతుంది. అందుకని…"

"మరి ఆ ముక్క అక్కకి చెప్పొచ్చు కదా బావా!"

"గోతుల్లోకి ఈల వేసుకుంటూ దిగే మనిషికి ఏ ముఖం పెట్టుకుని చెప్పను? నువ్వూ చెప్పకు. ఒట్టు వెయ్యి."

వేశాను. కానీ నా బుర్ర ఊరుకోదు కదా. "ఒక పని చెయ్యి. మంచం పక్కన పెట్టుకునేది, మంచి టేబుల్ లాంపు ఒకటి ఇద్దరూ కలిసి కొనండి. పాతకాలందో, బొమ్మలదో, ఏదో ఒక ముచ్చటైనది. సోకు కోసం అనుకుంటుంది అక్క. వెలుగు కాస్త నీ వైపు పెట్టుకో" అన్నాను.

బావ నా చేతులు రెండూ పట్టుకుని ఊపేశాడు. పన్ను మాత్రం చూడలేదు.

అక్క సరేనంది. కానీ కొత్త కొట్లల్లో దీపాలన్నీ తిరగేసి పెదవి విరిచింది. "తుమ్మితే ఎగిరిపోయేలా ఉన్నాయి. కొంటే మనకంటే గట్టిగా ఉండేది కొనాలి" అంది. పాత దీపాలు ఊళ్ళో ఒక్క చోటే దొరుకుతాయి — బల్బు మాస్టారి దగ్గర. ఆయన చీకటి పడ్డాకే అమ్ముతాడు. ఆయన ఉండేది…

ఆ ఇంట్లోనే.

టాక్సీ మలుపు దగ్గర ఆగిపోయింది. "ఇక్కడిదాకే" అన్నాడు డ్రైవరు, వాళ్ళ వైపు చూడకుండా.

సందులో ఒక్క దీపం లేదు. అక్క ముందు నడిచింది. బావ ఆమె చెయ్యి పట్టుకున్నాడు — "పడిపోతావని" అన్నాడట. చివర్న ఇల్లు కనబడింది. అన్ని కిటికీలూ చీకటి. బావకి దగ్గొచ్చింది. ఆపుకున్నాడు. ఆగలేదు.

దగ్గాడు.

మూల కిటికీ… వెలిగింది. ఆరింది.

"చూశావా?" అన్నాడు బావ.

"ఏదో లూజు కాంటాక్టు" అంది అక్క. గేటు తోసింది.

బల్బు మాస్టారు ఒకప్పుడు బళ్ళో సైన్సు చెప్పినాయన. పాత దీపాలు ఎక్కడెక్కడివో ఏరుకొచ్చి, తుప్పు గీకి, వైర్లు మార్చి, మళ్ళీ బతికించి అమ్ముతాడు. చెవులు కాస్త దూరం. మనిషి మాత్రం వెన్న. తలుపు తీసి, "రండి రండి! ఈ మధ్య ఎందుకో ఎవరూ రావడమే మానేశారు" అని ఇద్దర్నీ లోపలికి లాక్కుపోయినంత పని చేశాడు.

ముందు గదినిండా పాత దీపాలు. ఇత్తడి కాండం మీద ఆకుపచ్చ గాజు టోపీ ఉన్నది ఒకటి. పాలగాజు గోళాలు రెండు. కుచ్చులు వేలాడే పట్టు తొడుగుది ఒకటి. కొంగలా మెడ వంచి చూసే ఇనప దీపం ఒకటి. గది మధ్యలో ఒక మంచం, పక్కన ఒక బల్ల.

"పగటిపూట చూస్తే బొమ్మ కనపడుతుంది. రాత్రి చూస్తేనే దీపం కనపడుతుంది" అన్నాడు మాస్టారు. "పడుకో బాబూ. మొహమాటపడకు. పడుకున్న చోటి నుంచి స్విచ్చి చేతికందాలి. లేచి కూర్చుంటే టోపీ అంచు సరిగ్గా కంటి ఎత్తుకి రావాలి — పైకుంటే బల్బు కళ్ళలో గుచ్చుకుంటుంది, మరీ కిందకుంటే పుస్తకం మీద పడదు. అడుగు బరువుగా ఉండాలి. నిద్రలో మోచెయ్యి తగిలితే పడిపోయేదాన్ని దీపమనరు, గండం అంటారు."

బావ బూట్లు విప్పి పడుకున్నాడు. ఒక్కో దీపమే వెలిగించి చూశాడు. ఆకుపచ్చ గాజు కింద ఆయన చేతులు జబ్బు చేసినవాడి చేతుల్లా కనపడ్డాయి. వద్దన్నాడు. కుచ్చుల దీపం పెద్ద పురుగు కాళ్ళలాంటి నీడలు వేసింది గోడ మీద. అది మరీ వద్దన్నాడు.

అక్క ఈ లోపల చేతిసంచిలోంచి స్క్రూడ్రైవరు తీసి ఇనప కొంగ అడుగు విప్పేసింది. "మాస్టారూ, ఈ లోపలి వైరు గుడ్డ చుట్టినదేనా? ఎర్తు ఎక్కడిచ్చారు?" అని అడిగింది. మాస్టారి కళ్ళు మెరిశాయి. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషట. ఇద్దరూ నేల మీద చతికిలబడ్డారు.

అదే సమయమని బావ మాస్టారి దగ్గరికి వంగాడు. "మాస్టారూ… రాత్రంతా వెలిగేవి ఉన్నాయా?"

"ఏంటి బాబూ?"

"రాత్రంతా…"

"గట్టిగా!"

అక్క తలెత్తి చూసింది.

"రాతి… రాతి అడుగువి ఉన్నాయా అని" అన్నాడు బావ.

"రాతివా! భేషుగ్గా ఉన్నాయి!" మాస్టారు లేచి, ఒకటి ఎత్తితే నడుం పట్టేసేలాంటి పాలరాతి దీపాలు మూడు తెచ్చి బావ ఒళ్ళో పెట్టాడు.

ఆ బరువు కింద నుంచే బావ చూశాడు… నడవా చివర ఒక తలుపు. దాని కింది సందులోంచి బంగారంలాంటి వెలుగు.

"అదా? సరదా దీపాల గది. బొమ్మలవి. వెళ్ళి చూడు" అన్నాడు మాస్టారు.

బావ తలుపు తోశాడు. జీవితంలో అంత వెలుతురున్న గది ఆయన చూడలేదు. పెళ్ళయ్యాక అసలే చూడలేదు. బాతు దీపం — తలమీద గొడుగు. బూటులోంచి మొలిచిన బల్బు. అనాసపండు. ఒకే కాండానికి మూడు పుట్టగొడుగులు. బల్బుని బంతిలా పట్టుకున్న కోతి. పాత టెలిఫోను. వాటన్నిటి మధ్యలో… పన్ను.

తెల్లటి గాజు పన్ను. గుమ్మడికాయంత. లోపల్నుంచి మెత్తగా వెలుగుతోంది.

"కింది దవడ… కుడివైపు… మొదటి పెద్ద పన్ను" అని గొణుక్కున్నాడు బావ. పంటి వేర్లు రెండూ ఎంత సరిగ్గా మలిచారో! ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయట. రెండు చేతులా ఎత్తి గుండెకి హత్తుకున్నాడు.

ధడేల్!

వెనక తలుపు మూసుకుంది.

బాతు ఆరిపోయింది.

బావ నిలబడిపోయాడు. 'గాలి' అనుకున్నాడు. కిటికీలన్నీ మూసి ఉన్నాయి.

అప్పుడు వినపడింది… టక్.

కోతి ఆరిపోయింది.

టక్… టక్.

బూటు. అనాసపండు.

ఎముకతో ఎముకని కొట్టినట్టున్న చప్పుడు. ఎక్కడో కాదు — చాలా దగ్గర్లో. ఎడమవైపు తిరిగాడు. చప్పుడు ఎడమవైపు వచ్చింది. కుడివైపు తిరిగాడు. అదీ తిరిగింది. అడుగు వేస్తే అడుగు వేసింది. పుట్టగొడుగులు ఒకటి తర్వాత ఒకటి… ఆరాయి. బాతు మళ్ళీ వెలిగింది. ఆయన్ని చూసింది. ఆరిపోయింది.

టకటకటకటక…

మొత్తం చీకటి.

ఆ చీకట్లో… గోడలోంచి…

"ఆపండి… కళ్ళు… నా కళ్ళు మండిపోతున్నాయి… ఆపండి…"

బావకి పైప్రాణాలు పైనే పోయాయి. పన్నుతో సహా తలుపు వైపు పరిగెత్తాడు. మూడు అడుగులు వేశాడో లేదో… వెనక నుంచి ఏదో పట్టుకుని లాగింది. గట్టిగా. నడుం దగ్గర. ఆయన వెల్లకిలా పడ్డాడు. పాకుతూ బల్ల కిందికి దూరాడు. చేతుల్లో పన్ను వెలుగుతోంది, ఆరుతోంది, వెలుగుతోంది, ఆరుతోంది…

"తల్లీ…" అన్నాడు, బల్ల కింద నుంచే. "నేను పళ్ళ డాక్టర్ని. నీకు పళ్ళేమైనా ఇబ్బంది పెడుతుంటే చెప్పు… ఎప్పుడొచ్చినా చూస్తాను. లైన్లో కూర్చోనక్కర్లేదు…"

టకటక మాత్రం ఆగలేదు.

అంతే. నలభై రోజులుగా లోపల దాచుకున్నదంతా కట్ట తెగినట్టు బయటికొచ్చేసింది. "నన్నెందుకమ్మా భయపెడతావు? నేను ముందే భయపడి చచ్చినవాణ్ణి! నాకు చీకటంటే భయం. పెళ్ళయిన దగ్గర్నుంచీ సరైన నిద్ర లేదు. ఆవిడ పక్కన పడుకోవాలని ఉంటుంది… చీకట్లో ఉండలేను. హాల్లో పడుకుని, వీధి దీపం వైపు చూస్తూ, ఆవిడ గుర్తొచ్చి, పొద్దున్నే మళ్ళీ పరిగెత్తుకెళ్ళి పక్కన పడుకుంటాను…"

పన్ను ఇంకోసారి వెలిగి ఆరింది.

తర్వాత ఒక గుసగుస. "…పెళ్ళానికి చెప్పావా?"

"లేదమ్మా…"

ఈసారి గొంతు చెవి పక్కనే. చెవి తమ్మెకి చల్లగా తగిలింది.

"చెప్పి చావు."

"చెబుతాను! ఇప్పుడే చెబుతాను! ఏమేవ్!" అని ఇల్లు అదిరేలా కేక పెట్టాడు బావ.

గదిలో ఉన్న దీపాలన్నీ ఒక్కసారిగా భగ్గున వెలిగాయి. తలుపు తెరుచుకుంది. గుమ్మంలో మా అక్క నిలబడి ఉంది, చేతిలో స్క్రూడ్రైవరుతో.

కట్టుకున్నవాడు బల్ల కింద పన్నుని కావలించుకుని కూర్చున్నాడు. అక్క నవ్వలేదు. వంగి, తనూ బల్ల కిందికి దూరి, పక్కన కూర్చుంది.

"విన్నాను" అంది. "మొత్తం."

బావ తల దించుకున్నాడు.

"హాల్లోకి వెళ్ళేది ఇందుకా?"

"ఊఁ."

"నేనేమనుకున్నానో తెలుసా? నేను నచ్చలేదనుకున్నాను." స్క్రూడ్రైవరు కింద పెట్టింది. "మనిషిని అంత ఏడిపించి… దాచింది ఇదా! తలకాయ ఉందా మీకసలు?"

"నువ్వు ఏడ్చావా?"

"లేదు. కంట్లో నలక" అంది అక్క. బావ భుజం మీద ఒక్కటిచ్చింది. తర్వాత ఆ భుజం మీదే తల పెట్టింది.

ఇంతలో మాస్టారు వచ్చాడు. బల్ల కింద ఇద్దర్నీ చూసి, కొనేవాళ్ళు దీపాన్ని ఆ కోణంలోంచి కూడా చూస్తారేమో అన్నట్టు తనూ వంగాడు. "ఎలా ఉన్నాయి బాబూ నా దీపాలు? చప్పట్లకి వెలిగి, చప్పట్లకి ఆరతాయి! అన్నిటికీ నేనే అమర్చాను. కొన్నిటికి చప్పట్లు కూడా అక్కర్లేదు. చిన్న చప్పుడు చాలు."

అక్క బల్ల మీద గోటితో టక్కున కొట్టింది. బాతు ఆరింది. ఇంకోసారి కొట్టింది. వెలిగింది.

"తలుపుకేమో స్ప్రింగు" అంది, గుమ్మం వైపు చూసి. "మిమ్మల్ని వెనక్కి లాగిందేమో… ఇదిగో, మీ పన్ను వైరు, నడుం చుట్టూ చుట్టుకుంది. ప్లగ్గు గోడకే ఉంది."

"మరి ఆ టకటక? నేనెటు తిరిగితే అటు వచ్చిందే!"

అక్క ఆయన గడ్డం పట్టుకుని దీపం వైపు తిప్పింది. పెదవులు ఇంకా వణుకుతున్నాయి. పళ్ళు ఇంకా కొట్టుకుంటున్నాయి. టక్. కోతి ఆరింది.

"డాక్టరు గారూ, అవి మీ పళ్ళే" అంది.

అప్పుడు నవ్వింది. అది చిన్న నవ్వు కాదు. ఆ నవ్వుకి గదిలో దీపాలన్నీ పిచ్చెక్కినట్టు వెలిగి ఆరాయి.

బావ మాత్రం నవ్వలేదు. "సరే… మరి ఆ గొంతు?" అన్నాడు.

అక్క అదే మాట మాస్టారి చెవిలో గట్టిగా చెప్పింది. "ఆడగొంతు, మాస్టారూ! గోడలోంచి!"

మాస్టారి ముఖంలో రంగు మారింది. మెల్లిగా స్టూలు మీద కూర్చున్నాడు. కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు.

"మా ఆవిడ…" అన్నాడు. "పదేళ్ళయింది…"

అక్క చెయ్యి బావ చెయ్యిని వెతుక్కుంది.

"పదేళ్ళయింది… నాతో ఒక గదిలో పడుకుని."

కిర్రుమంది.

గోడ అనుకున్నది గోడ కాదు. చెక్కల అడ్డం. దాని మూలన చిన్న తలుపు తెరుచుకుంది. తెల్లటి నైటీ, విరబోసుకున్న జుట్టు, కళ్ళకి అడ్డంగా నల్ల గుడ్డ… చేతులు ముందుకి చాచుకుని ఒక మనిషి వచ్చింది. బావ పన్నుని వదిలేసి అక్కని పట్టుకున్నాడు.

ఆవిడ గుడ్డని నుదుటి మీదికి జరిపింది. రెండు చెవుల్లోంచీ దూది ఉండలు లాగింది.

"ఏమిటీ గోల? చెక్కల సందుల్లోంచి ఒకటే మెరుపులు! నాలుగింటికి లేచి బేకరీలో పిండి కలపాలి నేను. ఎవరు మీరు?"

అక్క సంగతంతా చెప్పింది. పెద్దావిడ విని, మొగుడి చెవి దగ్గరికొచ్చి అరిచింది. "వింటున్నారా? నా మూలుగుకి జనం ఈ సందులోకి రావడమే మానేశారట! పదేళ్ళ నుంచీ ఆపండి ఆపండని అరుస్తున్నాను!"

మాస్టారు నిర్ఘాంతపోయాడు. "నువ్వు పాడుకుంటున్నావనుకున్నానే" అన్నాడు.

ఆవిడ కొట్టబోయి, నవ్వేసింది. తర్వాత అక్క వైపు తిరిగింది. "మీ ఇద్దరికీ దీపం నేను ఏరిస్తాను ఉండండి. ఈ ఇంట్లో ఏది నిద్ర చెడగొడుతుందో, ఏది చెడగొట్టదో నాకంటే తెలిసినవాళ్ళెవరు? గాజు టోపీలు ముట్టుకోకండి, నాలుగు పక్కలా కారతాయి. గుడ్డ తొడుగులు గదంతా నింపేస్తాయి." ముందు గదిలో బీరువా మీది నుంచి ఒక చిన్న ఇత్తడి దీపం దించింది. తొడుగు గవ్వలా ఉంది. వేలితో తిప్పితే తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. ఆవిడ దాన్ని గోడ వైపు తిప్పి వెలిగించింది. గోడ మీద చెయ్యంత మేర గోధుమరంగు వెలుగు పడింది. ఇవతలికి ఒక్క చుక్క రాలేదు.

"ఇన్నేళ్ళలో నన్ను లేపనిది ఇదొక్కటే" అంది.

బావ మంచం మీద పడుకుని చూశాడు. వెలుగు ఆయనకి కనపడింది. అక్క పక్కన పడుకుని చూసింది. ఆమెకి కనపడలేదు. అంతే, కొనేశారు. పన్ను కూడా కొన్నారు — బావ వదల్లేదు. అది పడగ్గదిలోకి రావడానికి వీల్లేదని అక్క అక్కడే తేల్చేసింది. ఇప్పుడది క్లినిక్కులో ఉంది. మొదట్లో ఎవరైనా కెవ్వుమన్నప్పుడల్లా ఆరి వెలిగి, కుర్చీలో ఉన్నవాళ్ళని ఇంకా హడలగొట్టేది. మాస్టారు వచ్చి లోపలి చప్పట్ల మీట తీసేశాడు. ఇంట్లో దీపాలకి కూడా తీసేశాడట. ఆ రాత్రి నుంచి కిటికీలు రెప్పలార్పడం మానేశాయి. సందులోకి జనం మళ్ళీ వస్తున్నారు.

బావ ఇంట్లో హాయిగా నిద్రపోతున్నాడు. గురక కూడా మొదలయిందట.

కథ ఇక్కడితో అయిపోయిందనే నేనూ అనుకున్నాను. నిన్న రాత్రి అక్క ఫోన్ చేసింది.

"నీకొకటి చెప్పాలే. బావకి చెప్పకు" అంది. "ఆ గదిలో 'పెళ్ళానికి చెప్పావా' అన్న గొంతుంది చూడు… అది నేనే. తలుపవతల నిలబడి వింటున్నాను. ఎంతకీ నాకు చెప్పేలా లేరని, గుసగుసగా అడిగేశాను."

నాకు నవ్వాగలేదు. "అమ్మ దొంగా! ఆ 'చెప్పి చావు' మాత్రం భలే అన్నావక్కా!"

అవతల నుంచి నవ్వు రాలేదు.

"అక్కా?"

"అది నేను కాదే."

"మరి… ఆ పెద్దావిడ అయ్యుంటుంది."

"నేనూ అలాగే అనుకున్నాను. ఇవాళ బేకరీ దగ్గర కనపడితే అడిగాను. 'ఆపమని మూలిగి, ఎప్పట్లాగే చెవుల్లో దూది పెట్టుకుని పడుకున్నానమ్మా. ఆ తర్వాత మాటలేవీ నాకు వినపడలేదు, నేనేమీ అనలేదు' అంది. మాస్టారేమో ముందు గదిలోనే ఉన్నాడు, నడవాలోంచి నాకు కనపడుతూనే… ఆ కేక వినపడేదాకా."

"మరి ఆ ఇంట్లో ఇంకెవరున్నారు?"

"ఆవిడనీ అదే అడిగానే. పిండి చేతులతో అలా నా వంకే చూస్తూ నిలబడిపోయింది."

నా గదిలో లైటు వెలుగుతూనే ఉంది. అయినా లేచి ఇంకో లైటు కూడా వేశాను.

"బావకి చెబుతావా?" అన్నాను మెల్లిగా.

"పిచ్చా? ఆయన ఇప్పుడిప్పుడే చీకటికి అలవాటు పడుతున్నారు."

బావ గురక నాకు ఫోన్లో వినపడుతోంది.

"ఏమేవ్…" అంది అక్క. గొంతు బాగా తగ్గించింది. పదిహేనంతస్తుల గోతిలోకి ఈల వేసుకుంటూ దిగే మా అక్క.

"ఆ దీపం… నా వైపుకి జరుపుకున్నానే."